బీరువా గోడను పట్టుకుని నిలబడిందా?

రెండేళ్ల పిల్లకు సొరుగు కనిపిస్తే అది మెట్టే. కింది సొరుగు లాగి దాని మీద కాలు పెడుతుంది, పైది పట్టుకుంటుంది, అదీ బయటికి వస్తుంది. అల్మారా పైన నాన్న ఫోను ఛార్జింగులో ఉన్న సంగతి, నిన్న అందకుండా దాచిన బిస్కెట్ డబ్బా సంగతి దానికి బాగా గుర్తు. అమ్మ వంటింట్లో పోపు వేసి వచ్చేలోపల అల్మారా ఒరిగి పిల్ల మీద పడిపోతుంది. ఈ ప్రమాదంలో ఒక్క చప్పుడే వినిపిస్తుంది. ఆ తర్వాత ఏడుపు వినిపించకపోవచ్చు. ఛాతీ మీద బరువు పడితే ఊపిరి తీసుకోవడానికి పక్కటెముకలు లేవవు, ఊపిరి ఆడని పిల్ల కేక కూడా వేయలేదు. అందుకే పక్క గదిలో పెద్దవాళ్లు ఉన్నారన్న ధైర్యం ఇక్కడ పెద్దగా పనికిరాదు.

"మా బీరువా జరపాలంటే ఇద్దరు మనుషులు కావాలి, పసిపిల్ల లాగితే పడుతుందా?" అని చాలామంది అంటారు. జరపడం వేరు, ఒరగడం వేరు. జరిపేటప్పుడు నేలతో రాపిడి మొత్తాన్ని గెలవాలి. ఒరిగేటప్పుడు ఆ రాపిడితో పని లేదు. ముందు కాళ్ల మీద వస్తువు తిరిగితే చాలు. తక్కెడలాగా ఆలోచించండి. ముందు కాళ్లే ముల్లు, అంటే దండె తిరిగే చోటు. వాటికి వెనక ఉన్న బరువు అల్మారాను నిలబెడుతుంది, ముందుకు వచ్చిన బరువు పడదోస్తుంది. ఎంత బరువన్నదే కాదు, ముల్లుకు ఎంత దూరంలో ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. బట్టలు పెట్టుకునే నాలుగు సొరుగుల చెక్క అల్మారా, బట్టలతో కలిపి 30 కిలోలు అనుకోండి. లోతు 44 సెంటీమీటర్లు. సొరుగులన్నీ మూసి ఉంటే బరువు నడిమధ్యన, అంటే ముందు కాళ్లకు 22 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. 30 ఇంటూ 22, మొత్తం 660. అదీ దాని నిలకడ. ఒక్కో సొరుగు బట్టలతో 5 కిలోలు. 30 సెంటీమీటర్లు బయటికి లాగితే ఆ నిలకడలోంచి 150 పోతుంది. 12 కిలోల పిల్ల ముందు కాళ్లకు 35 సెంటీమీటర్ల అవతల వేలాడితే పడదోసే బలం 420. ఒక్క సొరుగు తెరిచి వేలాడితే నిలకడ 510 ఉంటుంది, అల్మారా నిలబడుతుంది. రెండో సొరుగు కూడా తెరిస్తే 360కి దిగుతుంది, అల్మారా పిల్ల మీదకి వస్తుంది. నిన్నటిదాకా పడనిది ఈ రోజు ఎందుకు పడిందన్న ప్రశ్నకు జవాబు ఆ రెండో సొరుగులోనే ఉంది. పిల్ల ఊగినా, గెంతినా ఆ క్షణానికి దాని బరువు ఇంకా పెరిగినట్టే.

ఇక మన ఇనుప బీరువా. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, 19 అంగుళాల లోతు, ఖాళీగా 80 కిలోలు అనుకుందాం. నేల మీద నేరుగా సమంగా నిలబడితే ఇది చెక్క అల్మారా కంటే చాలా మొండిది. రెండు తలుపులూ బార్లా తెరిచి ఒక తలుపు చివర పిల్ల వేలాడినా పై లెక్క ప్రకారం నిలకడ ఇంకా 940 దాకా మిగిలే ఉంటుంది. గొడవంతా స్టాండుతో వస్తుంది. ఇల్లు కడిగేటప్పుడు అడుగు తుప్పు పట్టకూడదని బీరువాను ఇనుప స్టాండు మీదో, చక్రాల స్టాండు మీదో, నాలుగు చెక్క దిమ్మల మీదో ఎక్కిస్తాం. ఆ కాళ్లు బీరువా ముందు అంచుకు 8 సెంటీమీటర్లు లోపలికి ఉన్నాయనుకోండి, ముల్లు అంత వెనక్కి జరిగినట్టే. తలుపులు తెరిచాక, పిల్ల వేలాడాక మిగిలే నిలకడ 940 నుంచి సుమారు 200కి పడిపోతుంది. గది నేల బాత్రూం వైపో బాల్కనీ వైపో కాస్త వాలుగా ఉండటం మామూలే. బీరువా అటు ముఖం పెట్టి ఉంటే ఆ మిగిలినదీ దాదాపు హరించుకుపోతుంది. పైన పండుగ గిన్నెల మూట, రెండు సూట్‌కేసులు పెడితే బరువు ఇంకా పైకెక్కి, కొంచెం వాలినా ఎక్కువ ముందుకు తూలుతుంది. చక్రాల స్టాండు మీద బీరువా ఉన్న ఇంట్లో చిన్న పిల్లలుంటే మొదట చేయాల్సిన పని ఆ స్టాండు తీసేయడం. తుప్పు భయం ఉంటే బీరువా అడుగు మొత్తం ఆనేలా గ్రానైట్ పలక వేయండి, కాళ్లు లోపలికి పోయే బాధ ఉండదు.

అమెరికాలో ఈ లెక్క చట్టం దాకా వెళ్లింది. 2016 జూన్‌లో ఐకియా అక్కడ అమ్మిన సుమారు 2.9 కోట్ల సొరుగుల అల్మారాలను వెనక్కి పిలిచింది. గోడకు బిగించకుండా వాడిన అల్మారాలు పడి పిల్లలు చనిపోయారు. 2022 డిసెంబరులో స్టర్డీ చట్టం వచ్చింది. 2023 సెప్టెంబరు 1 తర్వాత తయారైన బట్టల అల్మారా 27 అంగుళాలు, అంతకు మించి ఎత్తు ఉంటే, సొరుగులు తెరిచి, బరువు నింపి, తివాచీ మీద నిలబెట్టినట్టు వాల్చి, సుమారు 27 కిలోల పిల్ల ఎక్కినట్టు బలం పెట్టి చూడాలి. 27 అంగుళాలంటే పెద్దవాళ్ల నడుము కంటే తక్కువ. ఇంత పొట్టిది ఏం చేస్తుందిలే అనుకునే ఎత్తునే చట్టం పట్టించుకుందన్నమాట. పాతవి, చేయి మారినవి మాత్రం ఈ పరీక్ష దాటినవి కావు. అక్కడ మన వాళ్లు కొత్తగా కాపురం పెట్టినప్పుడు ఎక్కువగా కొనుక్కునేవి అవే.

2018లో హైదరాబాద్‌లో ఐకియా తెరిచాక విడిభాగాలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే అల్మారాలు మన దగ్గరా మామూలైపోయాయి. పెట్టెలో గోడకు బిగించే బద్దె ఉంటుంది. గోడలోకి వెళ్లే స్క్రూ, ప్లగ్గు మాత్రం ఉండవు, ఎందుకంటే గోడలు రకరకాలు. బిగించడానికి వచ్చిన అబ్బాయి తొందరలో ఆ బద్దెను సొరుగులో పడేసి వెళ్లిపోతాడు. చాలా ఇళ్లలో అది ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఒకసారి వెతకండి.

అసలు పట్టంతా గోడలో ఉంటుంది. బద్దె ఎంత గట్టిదైనా గోడలో ప్లగ్గు తిరిగిపోతుంటే అలంకారమే. కాబట్టి ముందు గోడలో ఏముందో తెలుసుకోవాలి. దానికి బిల్డరును అడగక్కర్లేదు, డ్రిల్లు బిట్టు బయటికి తోసే పొడి చెబుతుంది. మొదట వచ్చే బూడిదరంగు పొడి ప్లాస్టరింగుది, 12 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. తర్వాత ఎర్రపొడి వస్తే మట్టి ఇటుక, మంచి గోడ. తెల్లటి మెత్తటి పొడి వస్తూ బిట్టు వెన్నలో దిగినట్టు దిగిపోతే అది లైట్ వెయిట్ బ్లాకు. బిట్టు మొరాయించి, కీచుమంటూ, బూడిద పొడి చిటికెడు చిటికెడు వస్తుంటే కాంక్రీటు. ఈ మధ్య కడుతున్న, గోడలు కూడా అచ్చుల్లో కాంక్రీటుతో పోసే మైవాన్ ఫ్లాట్లలో గోడలన్నీ ఇవే. కొంత దిగాక బిట్టు ఒక్కసారిగా ముందుకు తూలిపోతే లోపల బోలుగా ఉన్న సిమెంటు బ్లాకు.

ఎర్ర ఇటుకకు 8 మిల్లీమీటర్ల నైలాన్ ప్లగ్గు, 40 మిల్లీమీటర్ల పొడవుది సరిపోతుంది. కొన్ని షాపుల్లో దీన్ని గిట్టి అంటారు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. ప్లగ్గును గోడ అంచుతో సమానంగా దించి ఆపేస్తారు. అప్పుడు సగం ప్లగ్గు ప్లాస్టరింగులోనే ఉంటుంది, గట్టిగా లాగితే ప్లాస్టరింగు పెచ్చుతో సహా ఊడొస్తుంది. ప్లగ్గు మొత్తం ఇటుకలో ఉండాలి. ప్లాస్టరింగు 20, ప్లగ్గు 40, అల్మారాను గోడకు పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ మందం 2, ప్లగ్గు చివర దాటి బయటికి రావడానికి 5, కలిపితే 67. కాబట్టి 5 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడవు స్క్రూ తీసుకోండి. రంధ్రం 80 మిల్లీమీటర్లు. బిట్టుకు 80 దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటే లోతు తప్పదు. నాలుగున్నర అంగుళాల గోడైనా అవతలికి పొడుచుకుపోదు. ప్లగ్గును స్క్రూతోనే సగం బిగించి సుత్తితో మెల్లగా తడితే ప్లాస్టరింగు దాటి లోపలికి వెళ్తుంది. అంతకుముందు రంధ్రంలోని పొడి ఊదేయాలి. పొడి ఉంటే ప్లగ్గు దాని మీద జారుతుంది, ఎంత తిప్పినా బిగుసుకోదు. నోటితో ఊదితే కంట్లో పడుతుంది, సైకిలు పంపు గొట్టం పెట్టి కొట్టండి. బిట్టు ఇటుకల మధ్య సందులో పడి సిమెంటు ఇసుక రాలుతుంటే ఆ రంధ్రం వదిలేసి నాలుగు సెంటీమీటర్లు పైకో కిందకో జరగాలి.

లైట్ వెయిట్ బ్లాకుకు సుత్తి దెబ్బ పడకూడదు. డ్రిల్లులో హ్యామర్ మీట ఆపేసి మామూలుగా తిప్పాలి, లేకపోతే రంధ్రం వదులై కుండలా తయారవుతుంది. మామూలు గిట్టి ఇందులో తిరిగిపోతుంది. ఈ బ్లాకుల కోసమే మరలాంటి రెక్కలున్న ప్లగ్గులు అమ్ముతారు, అవే అడిగి తీసుకోండి, పొడుగువి. కాంక్రీటులో మామూలు ప్లగ్గే అద్భుతంగా పట్టుకుంటుంది, కాకపోతే ఇంట్లో ఉండే చిన్న డ్రిల్లు చాలదు, రోటరీ హ్యామర్ కావాలి, అద్దెకు దొరుకుతుంది. బోలు బ్లాకుల గోడలో ప్లగ్గు లోపలికి రాలిపోతుంది. అక్కడ లోపల రెక్కలు విచ్చుకునే బోల్టులు వాడాలి, లేదా అల్మారాను కాంక్రీటు పిల్లర్ ఉన్న మూలకు జరిపి అందులో బిగించాలి. రెండోదే మేలు. కాంక్రీటుకు వాడే ఇనుప యాంకర్ బోల్టు బలంగా ఉంటుంది కదా అని ఇటుకలో దించకండి, అది విచ్చుకుంటూ ఇటుకను చీల్చేస్తుంది.

డ్రిల్లు పెట్టే ముందు వైర్లు, పైపులు ఎటు పోతున్నాయో చూసుకోవాలి. మన ఇళ్లలో స్విచ్ బోర్డు నుంచి పైపు నిలువుగా పైకి, శ్లాబు దగ్గరికి పోతుంది. కింద ప్లగ్ పాయింటు ఉంటే నిలువుగా కిందికీ ఉంటుంది. ఆ నిలువు గీతకు అటూ ఇటూ జానెడు వదిలేయండి. బాత్రూం గోడ అవతలి వైపైతే కుళాయి, షవరు నిలువు గీతలూ అంతే. ఆ గదికి కరెంటు వచ్చే ఎంసీబీ దించి, డ్రిల్లుకు వేరే గది నుంచి కరెంటు తీసుకోవడం మంచిది.

ఇక అల్మారా వైపు. చెక్క అల్మారాల వెనక ఉండే పలక 3 మిల్లీమీటర్ల అట్ట లాంటిది, చిన్న మేకులతో కొట్టి ఉంటుంది. బ్రాకెట్ దానికి బిగిస్తే పడేటప్పుడు ఆ పలక గోడకే ఉండి, మిగతా అల్మారా పిల్ల మీదకి వస్తుంది. పై పలకకో, పక్క పలకలకో బిగించాలి, అవి 15 నుంచి 18 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. 2 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండంగుళాల ఎల్ బ్రాకెట్లు రెండు తీసుకుని రెండు చివరలా పెట్టండి. నడిమధ్యన ఒక్కటే పెడితే పిల్ల ఒక పక్క వేలాడినప్పుడు అల్మారా మెలి తిరిగి ఆ ఒక్కదాన్నీ పీకేస్తుంది. 15 మిల్లీమీటర్ల స్క్రూ చాలు, అవతలికి మొన బయటపడకూడదు. రంపపు పొట్టుతో చేసిన బోర్డులో ముందుగా 2.5 మిల్లీమీటర్ల బిట్టుతో దారి చేసుకుని స్క్రూను చేత్తోనే బిగించాలి. మిషనుతో బిగిస్తే బిగిసిన చోట ఆగకుండా ఒక్క చుట్టు ఎక్కువ తిరుగుతుంది, లోపల పొట్టు నలిగి స్క్రూ వట్టిగా తిరుగుతుంటుంది. నీళ్లు తగిలి ఉబ్బిన బోర్డు అసలు పట్టదు.

బీరువా రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి దానికి స్క్రూ పనికిరాదు. పై అర ఖాళీ చేసి, వెనక రేకులో పైభాగాన రెండు రంధ్రాలు వేసి, బోల్టు నట్టుతో బిగించాలి. లోపలి వైపు వెడల్పాటి వాషరు తప్పనిసరి, కనీసం 25 మిల్లీమీటర్లది. చిన్న వాషరైతే రేకు చిరుగుతుంది. రంధ్రం అంచులకు కాస్త ఎర్ర ప్రైమర్ పూస్తే తుప్పు పట్టదు.

బిగించడానికి నిలబెట్టినప్పుడు బీరువాకూ గోడకూ మధ్య వేలెడు సందు కనిపిస్తుంది. అది స్కర్టింగ్ టైలు వల్ల. ఆ సందు వదిలేసి బ్రాకెట్ బిగిస్తే బ్రాకెట్ వంగుతుంది, లేదా బీరువా వెనక్కి వాలి ముందు కాళ్లు లేస్తాయి. ఆ సందు ఎంతుందో కొలిచి అంతే మందం ఉన్న చెక్క రీపరు ముందు గోడకు బిగించి, దాని మీదికి బీరువాను ఆనించి పట్టించండి. ఈ పదిహేను నిమిషాల పని దగ్గరే చాలామంది విసుగొచ్చి వదిలేస్తారు. ముందు కాళ్ల కింద పల్చటి చెక్క చీలిక పెట్టి అల్మారా వెంట్రుకవాసి వెనక్కి వాలేలా చూసుకుంటే ఇంకా మంచిది.

ఎంత ఎత్తులో పట్టించాలి? వీలైనంత పైన. మళ్లీ ఆ చెక్క అల్మారా లెక్కే చూడండి: మూడు సొరుగులు తెరిచి పిల్ల వేలాడితే నిలకడకు 210 తక్కువ పడుతుంది. 100 సెంటీమీటర్ల ఎత్తులో పట్టు ఉంటే దాని మీద పడే లాగుడు రెండు కిలోలకు కాస్త ఎక్కువ. అదే పట్టు 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే పది కిలోలు దాటుతుంది. పైన అంత తక్కువ బలం చాలుతుంది కదా అని బద్దెను వదులుగా కట్టకూడదు. వదులు ఉన్నంత మేర అల్మారా పడుతూ వేగం అందుకుంటుంది, ఆ తర్వాత ఒక్క కుదుపుతో బద్దెను లాగుతుంది. ఆ కుదుపు రెండు కిలోల్లో ఆగదు. అందుకే నాడా బద్దెల కంటే ఇనుప ఎల్ బ్రాకెట్లే మేలు. ప్లాస్టిక్ ట్యాగు లాంటి కట్లతో వచ్చే కిట్లు మాత్రం వద్దు. కాలం గడిచేకొద్దీ ప్లాస్టిక్ పెళుసెక్కి ఎప్పుడు తెగిందో కూడా తెలియకుండా తెగుతుంది. గోడకు అంటించే టేపు రకాలు పట్టుకునేది రంగును మాత్రమే, గోడను కాదు. డిస్టెంపరు మీద అవి పొరతో సహా లేచి వస్తాయి.

బిగించాక పరీక్షించకుండా వదలొద్దు. విమానం ఎక్కేముందు సామాను తూచే కొక్కెం త్రాసు ఉంటుంది కదా, దాన్ని తాడుతో అల్మారా పై అంచుకు తగిలించి, పక్కకు నిలబడి 20 కిలోలు చూపించేదాకా ముందుకు లాగండి. బ్రాకెట్ చుట్టూ ప్లాస్టరింగులో వెంట్రుకంత పగులు కనిపించినా ప్లగ్గు లోతు చాలలేదని అర్థం, ఊడదీసి మళ్లీ చేయాల్సిందే.

టీవీ విషయం సులువు. గోడకు తగిలించేయడమే. బల్ల మీదే ఉంచాలంటే వెనక ఉండే నాలుగు మర రంధ్రాల్లో పై రెండింటికి బద్దె బిగించి గోడకు కట్టాలి. ఆ రంధ్రాలకు చిన్న టీవీల్లో ఎం4, పెద్దవాటిలో ఎం6 లేదా ఎం8 స్క్రూలు పడతాయి, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. టీవీని సొరుగుల అల్మారా మీద పెట్టడం అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు, మెట్లూ బరువూ ఒకే చోట పెట్టినట్టు. బొమ్మల పుస్తకాల ర్యాకు, చెప్పుల స్టాండు, అద్దం ఉన్న డ్రెస్సింగ్ టేబుల్, షోకేసు కూడా ఇదే పద్ధతిలో బిగించాలి. గోడకు చేరవేసిన మడత మంచం, విడిగా ఆనించిన అద్దం, మిగిలిపోయిన గ్రానైట్ ముక్క కూడా పిల్లల మీద పడేవే; వాటిని పడుకోబెట్టేయండి. పాత ఇళ్లలో గోడలోనే కట్టిన సిమెంటు అల్మారాలకు, గూళ్లకు ఈ బాధే లేదు.

అద్దె ఇల్లయితే ఓనరును అడగాలి. "నాలుగు చిన్న రంధ్రాలు, ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి రంగేసి ఇస్తాం, పాప కోసం" అని చెబితే కాదనేవారు తక్కువ. క్యాలెండర్ మేకు కొట్టనివ్వని ఓనర్లు కూడా ఉంటారు, నిజమే. అలాంటి చోట పొడుగు సొరుగుల అల్మారా వాడకపోవడమే దారి. సొరుగులు తీసేసి కింద ట్రంకు పెట్టెలు వాడుకోవచ్చు, బీరువా ఉన్న గది తలుపుకు పైన గడియ పెట్టొచ్చు. కిటికీ గ్రిల్లుకు తీగతో కట్టడం కొందరు చేస్తారు. పట్టు గట్టిదే కానీ కిటికీ పక్కన అల్మారా ఉంటే పిల్ల దాని మీంచి కిటికీ ఎక్కుతుంది. గ్రిల్లు లేని ఫ్లాటు కిటికీ అయితే ఆ ఆలోచనే వద్దు.

అమెరికాలో ఉండే మన వాళ్ల ఇళ్లలో గోడ అంటే లోపల కర్ర నిలువులు, పైన జిప్సం పలక. ఆ పలక అర అంగుళం మందం ఉంటుంది, దానికి పట్టు లేదు. నిలువు కర్రలు సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి, కొన్ని ఇళ్లలో 24 అంగుళాలకు ఒకటి ఉంటాయి. స్టడ్ ఫైండర్‌తో వెతికి, రెండున్నర అంగుళాల చెక్క స్క్రూ నేరుగా ఆ కర్ర మధ్యలోకి దించాలి. రెండు కర్రల మధ్య దూరం అల్మారా వెడల్పుతో కలవకపోతే, ముందు ఒక అడ్డ చెక్కను రెండు కర్రలకూ బిగించి, అల్మారాను ఆ చెక్కకు పట్టించవచ్చు. అపార్ట్‌మెంటు యాజమాన్యానికి ముందే ఒక మెయిలు పెట్టుకోండి.

గోడకు బిగించినా బరువైనవి కింది సొరుగుల్లోకి, తేలికవి పైకి మార్చండి. అల్మారా పైన రిమోటు, ఫోను, తినుబండారాలు ఉంచకండి; పిల్లను పైకి పిలిచేవి అవే. ఒకవేళ ఏదైనా పిల్ల మీద పడితే ముందు ఆ వస్తువును ఎత్తండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్ల లేచి ఆడుకుంటున్నా తలకు దెబ్బ తగిలి ఉంటే ఆసుపత్రిలో చూపించాలి. తర్వాత వాంతులు, మామూలు కాని మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు.

ఆరు నెలలకోసారి స్క్రూలు చేత్తో తడిమి చూడండి. ఇల్లు మారేరోజు మరీ జాగ్రత్త. ప్యాకర్లు బ్రాకెట్లు విప్పేస్తారు, కొత్త ఇంట్లో అల్మారాను గది మధ్యలో దించి వెళ్లిపోతారు. చుట్టూ అట్టపెట్టెలు, అందరూ పనిలో, పిల్లకు అంతా కొత్త. డ్రిల్లు దొరికేదాకా ఆ అల్మారా సొరుగుల ముఖాన్ని గోడవైపు తిప్పి, సొరుగు తెరుచుకోకుండా గోడకు ఆనించేసి ఉంచండి. బ్రాకెట్లు, స్క్రూలు ఒక కవరులో వేసి ఆ అల్మారాకే టేపుతో అంటించి పంపితే మొదటి రోజే దొరుకుతాయి.